పాత టోపో షీటులో మీ ఊరి చెరువును వెతకడం: 1950ల నాటి స్థలాకృతి పటాలకు సమగ్ర మార్గదర్శి

మైలుకు అంగుళం చొప్పున గీసిన పాత టోపో షీటు (నేల ఎత్తుపల్లాలు, నీళ్లు, దారులు చూపే స్థలాకృతి పటం) మీద ఒక చదరపు మిల్లీమీటరు అంటే నేల మీద దాదాపు ఒక ఎకరం. కాగితం మీది మిల్లీమీటరు నేల మీద 63.36 మీటర్లు. దాన్ని దానితోనే గుణిస్తే 4,014 చదరపు మీటర్లు వస్తుంది. ఎకరం 4,047. తేడా నూటికి ఒక వంతు కూడా లేదు.

ఈ లెక్క తెలిసిన రోజే మా అమ్మమ్మగారి ఊరి చెరువు మీద ట్రేసింగు గ్రాఫు కాగితం పరిచి గళ్లు లెక్కపెట్టాను. నలభై ఒకటి వచ్చాయి. "మాది నలభై ఎకరాల చెరువు" అని అమ్మమ్మ చెప్పినప్పుడల్లా ఊరి మీది మమకారంతో పెంచి చెబుతోందనుకునేవాణ్ని. ఇప్పుడు ఆ చెరువులో నీళ్లు నిలిచేది అందులో మూడో వంతు మేర. మిగతాదంతా ఎప్పుడు ఎలా పొలమైందో కాగితాలు చెప్పవు. ఒకప్పుడు అక్కడ నీళ్లు ఉండేవని మాత్రం పటం చెబుతుంది.

పాత పటాలను చాలామంది జ్ఞాపకంగా దాచుకుంటారు, గోడకు తగిలించుకుంటారు. పల్లె పటం అసలు ఉపయోగం మాత్రం నీటి దారి వెతకడంలోనే ఉంది. కాబట్టి ఈ మార్గదర్శి అంతా ఆ దారినే నడుస్తుంది. కావలసినవి పెద్దగా ఏమీ లేవు: పటం స్కాను, దాని ముద్రిత ప్రతి, మిల్లీమీటరు గళ్ల ట్రేసింగు కాగితం, మెత్తటి పెన్సిలు, భూతద్దం, ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్. చివరి మెట్టుకు మాత్రం ఒక జత గట్టి చెప్పులు కావాలి.

మొదటి మెట్టు: ఏ పటం కావాలో తేల్చుకోండి

ఆ కాలపు తెలుగు పల్లెలకు ప్రధానంగా రెండు రకాల స్థలాకృతి పటాలు దొరుకుతాయి.

మొదటివి సర్వే ఆఫ్ ఇండియా గీసినవి. ఈ సంస్థ 1767 నుంచి ఉంది. దేశమంతటినీ కొలిచిన మహా త్రికోణమితి సర్వేకు విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద ఆధార రేఖ కొలవడంతో పునాది పడింది. మైలుకు అంగుళం షీట్లు, అంటే 1:63,360 స్కేలువి, ఈ సంస్థవే. దేశం మెట్రిక్ కొలతలకు మారాక వాటి స్థానంలో 1:50,000 షీట్లు వచ్చాయి. పల్లెను చదవడానికి వీటికి మించినవి లేవు. చెరువు కట్ట, బావి, గుడి, తాటితోపు, బండి దారి అన్నీ విడివిడిగా కనిపిస్తాయి.

రెండోవి అమెరికా సైన్యపు పటాల విభాగం, ఆర్మీ మ్యాప్ సర్వీస్, 1950లలో తయారుచేసిన యు502 వరుస. స్కేలు 1:250,000. వీటి స్కాన్లను టెక్సస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఎవరైనా ఉచితంగా దించుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. సులువుగా దొరికేవి ఇవే కాబట్టి చాలామంది ఇక్కడే మొదలుపెట్టి ఇక్కడే ఆగిపోతారు. ఈ పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద రెండున్నర కిలోమీటర్లు. మా నలభై ఎకరాల చెరువు ఇందులో ఒకటిన్నర మిల్లీమీటర్ల చుక్క. ఊరు ఎక్కడుందో, ఏ వాగు ఎటు పోతుందో, ఏ రోడ్డు ఏ ఊరికి పోయేదో తెలుసుకోవడానికి ఇది చాలు. కుంటలు వెతకడానికి మాత్రం చాలదు.

నా సలహా ఒకటే. అమెరికా షీటుతో ఊరి చుట్టుపక్కల రూపం పట్టుకోండి. ఆ తర్వాత మైలుకు అంగుళం షీటు కోసం విశ్వవిద్యాలయాల భూగోళశాస్త్ర విభాగాల్లో, పెద్ద గ్రంథాలయాల్లో అడగండి. అది దొరకకపోతే 1:50,000 షీటు తీసుకోండి. సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయం హైదరాబాదులో ఉప్పల్‌లో ఉంది. ప్రజలకు ఇచ్చే షీట్లను ఆ సంస్థ తన వెబ్‌సైటులోనూ పెట్టింది.

రెండో మెట్టు: షీటు సంఖ్య కట్టడం

ఊరి అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే షీటు సంఖ్య మీరే కట్టుకోవచ్చు. ఫోనులో మ్యాపు తెరిచి ఊరి మీద వేలు నొక్కి పట్టుకుంటే ఆ అంకెలు వస్తాయి. సూర్యాపేటను ఉదాహరణగా తీసుకుందాం: సుమారు 17 డిగ్రీల 8 నిమిషాల ఉత్తర అక్షాంశం, 79 డిగ్రీల 37 నిమిషాల తూర్పు రేఖాంశం.

సర్వే ఆఫ్ ఇండియా దేశాన్ని నాలుగు డిగ్రీలకు నాలుగు డిగ్రీల పెద్ద గళ్లుగా కోసింది. మనకు ముఖ్యమైనవి నాలుగు. 16–20 అక్షాంశాల మధ్య 76–80 రేఖాంశాల గడి 56, 80–84 గడి 65. వాటి కింద 12–16 అక్షాంశాల మధ్య 57, 66. ఒక్కో పెద్ద గడిని ఒక డిగ్రీకి ఒక డిగ్రీ చొప్పున పదహారు ముక్కలు చేసి, ఇంగ్లిషు ఏ నుంచి పి వరకు అక్షరాలు ఇచ్చారు. ఇక్కడే తికమక వస్తుంది. అక్షరాలు మనం పుస్తకం చదివినట్లు ఎడమ నుంచి కుడికి సాగవు, పై నుంచి కిందికి దిగుతాయి. మొదటి నిలువు వరుసలో ఏ, బి, సి, డి. రెండో వరుస మళ్లీ పైనుంచి ఇ, ఎఫ్, జి, హెచ్. సూర్యాపేట 79–80 వరుసలో, అంటే నాలుగో నిలువు వరుసలో ఉంది. ఆ వరుసలో ఎం, ఎన్, ఓ, పి ఉంటాయి. 17–18 అక్షాంశాలు పైనుంచి మూడోది కాబట్టి 56ఓ.

ఆ డిగ్రీ ముక్కను మళ్లీ 15 నిమిషాల చొప్పున పదహారు చేసి 1 నుంచి 16 దాకా అంకెలు వేశారు. ఇవీ పై నుంచి కిందికే. 79 డిగ్రీల 37 నిమిషాలు మూడో వరుసలో పడుతుంది. ఆ వరుసలో 9, 10, 11, 12. అక్షాంశం 17 డిగ్రీల 8 నిమిషాలు అట్టడుగు గడి. కాబట్టి మనకు కావలసిన షీటు 56ఓ/12. హైదరాబాదు నగరం 56కె/7, 56కె/11 షీట్ల మీద పరుచుకుని ఉంటుంది. మీ లెక్క సరిగ్గా వస్తోందో లేదో దానితో సరిచూసుకోండి.

అమెరికా షీట్ల లెక్క వేరు. వాటిలో ఒక్కో షీటు ఒక డిగ్రీ ఎత్తు, డిగ్రీన్నర వెడల్పు. 16–20 అక్షాంశాలు, 78–84 రేఖాంశాల గడి పేరు ఎన్‌ఇ 44. అందులో పదహారు షీట్లకు అంకెలు ఎడమ నుంచి కుడికి, పుస్తకం చదివినట్లే సాగుతాయి. సూర్యాపేట, వరంగల్ ఎన్‌ఇ 44-10లో, హైదరాబాదు 44-9లో, విజయవాడ, గుంటూరు 44-14లో, విశాఖపట్నం 44-12లో వస్తాయి. 16 డిగ్రీలకు దక్షిణాన ఎన్‌డి 44 మొదలవుతుంది. కర్నూలు ఎన్‌డి 44-1, నెల్లూరు ఎన్‌డి 44-6.

ఊరు షీటు అంచున పడితే పక్క షీటు కూడా తెచ్చుకోండి. వాగు షీటు అంచు దగ్గర ఆగిపోదు.

మూడో మెట్టు: అంచులు చదవండి, ముందు సంవత్సరం పట్టుకోండి

పటం చేతికి రాగానే అందరూ ఊరి మీదికి దూకుతారు. నేనూ అలాగే చేశాను. దూకకండి, మొదట నాలుగు అంచుల్లోని చిన్న అక్షరాలు చదవండి.

పటం మీద ముద్రించిన సంవత్సరం పటం వయసు కాదు. ముద్రణ ఏడాది వేరు, నేల మీద కొలిచిన ఏడాది వేరు. అమెరికా సైన్యం ఈ ఊళ్లలో తిరిగి కొలవలేదు. సర్వే ఆఫ్ ఇండియా పాత షీట్లను తీసుకుని కూర్చింది. 1955 అని ఉన్న షీటులో మీ ఊరి భాగం అంతకు ఎన్నో ఏళ్ల ముందు కొలిచినది కావచ్చు. మైలుకు అంగుళం షీట్ల అంచులో "ఫలానా సంవత్సరాల్లో సర్వే చేసినది" అని ఒక వాక్యం, కొన్నింటిలో రోడ్లను తరువాత సరిదిద్దిన ఏడాది ఉంటాయి. ఆ వాక్యాన్ని నోటు పుస్తకంలో మొదటి పేజీలో రాసుకోండి. "1955లో చెరువు నిండుగా ఉంది" అని రాయబోయే ముందు అది నిజంగా 1955 సంగతేనా అన్నది తేలాలి.

వయసు పట్టడానికి మరో దారి పటంలోనే ఉంది. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న వచ్చింది. పటంలో హైదరాబాదు రాష్ట్రం, మద్రాసు రాష్ట్రం అని సరిహద్దులు ఎలా గీశారో చూడండి. ఖమ్మం జిల్లా 1953లో వరంగల్ నుంచి విడిపోయింది. ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా 1970లో, విజయనగరం జిల్లా 1979లో వచ్చాయి. నాటి పటాల్లో మండలాలు ఉండవు, తాలూకాలే ఉంటాయి. మండలాలు 1985లో వచ్చాయి. విజయవాడ దగ్గర కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ ఉంటే ఆ షీటు 1957 తరువాత సరిదిద్దినది. పాత ఆనకట్టే ఉంటే అంతకు ముందుది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది, డ్యాము పూర్తయింది 1967లో. షీటులో సాగర్ కాలువలు లేవంటే మీరు చూస్తున్నది వానకూ చెరువుకూ బతికిన పల్నాడు.

సంవత్సరం తరువాత చూడవలసినవి: స్కేలు, ఎత్తులు అడుగుల్లోనా మీటర్లలోనా అన్నది, కాంటూరు అంతరం, అంటే ఒకే ఎత్తు చోట్లను కలిపే గీతల్లో పక్కపక్క రెండింటి మధ్య ఎత్తు తేడా. మైలుకు అంగుళం షీట్లలో సాధారణంగా 50 అడుగులు, 1:50,000 షీట్లలో 20 మీటర్లు. తరువాత గుర్తుల పట్టిక. దాన్ని విడిగా ముద్రించుకుని పక్కన పెట్టుకోండి.

ఇంకొక పని కూడా ఇక్కడే ముగించండి. స్కాను ముద్రించేటప్పుడు "పేజీకి సరిపెట్టు" అన్న ఎంపిక తీసేసి నూటికి నూరు శాతం కొలతలో ముద్రించండి. ముద్రణ అయ్యాక అంచులోని స్కేలు పట్టీని రూళ్లకర్రతో కొలవండి. మైలు పట్టీ 25.4 మిల్లీమీటర్లు రాకపోతే గళ్ల లెక్కంతా తప్పుతుంది.

నాలుగో మెట్టు: ఊరిని పట్టుకోవడం

పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటాయి. ద, డ రెండింటికీ ఒకే అక్షరం. ల, ళ ఒకటే. న, ణ ఒకటే. దొరల కాలపు వాడుక కొన్నిచోట్ల అలాగే నిలిచింది: బెజవాడ, ఎల్లోర్ (ఏలూరు), మసులీపటం, కొకనాడ, కడ్డప. పెద్ద ఊళ్లకు ఇది ఇబ్బంది కాదు. చిన్న ఊళ్ల విషయంలో చూపు మోసపోతుంది. కొత్తపల్లి, రామాపురం, లింగాపురం, వెంకటాపురం ఒకే షీటులో రెండు మూడు తగులుతాయి.

అందుకే నేను ముగ్గురు పొరుగువాళ్ల పద్ధతి వాడతాను. మీ ఊరికి పొలిమేర కలిసే మూడు ఊళ్ల పేర్లు ముందుగా రాసుకోండి. పటంలో ఆ మూడూ మీ ఊరి చుట్టూ సరైన దిక్కుల్లో కనిపించాలి. రెండే కుదిరితే అది వేరే రామాపురం. శివారు గూడేలు, తండాలు, పాలేలు చాలాసార్లు పేరు లేకుండా చిన్న చుక్కలుగా ఉంటాయి, లేదా అసలు ఉండవు. పటంలో మీ తండా లేకపోతే అప్పట్లో అది లేనట్టు కాదు. సర్వేయరు అక్కడి పేరు అడగలేదన్నమాట.

రెవెన్యూ గ్రామం పేరు, జనం పిలిచే పేరు వేరైతే రెండూ వెతకండి. తెలంగాణలో పెద్దల దగ్గర 1954–55 ఖాస్రా పహాణీ (అప్పటి భూమి రికార్డు) నకలు ఉంటే తీయించండి. దాదాపు అదే కాలానికి చెందినది కాబట్టి అప్పటి గ్రామం పేరు, కుంటల పేర్లు అందులో దొరుకుతాయి.

ఇక్కడే ఒక హెచ్చరిక. టోపో షీటు హక్కు పత్రం కాదు. సర్వే నంబర్లు, గట్లు, పట్టాదారుల పేర్లు ఇందులో ఉండవు. వాటికి గ్రామ నక్షా, ఎఫ్‌.ఎం.బి., టిప్పన్, అడంగల్, పహాణీ లాంటి రెవెన్యూ రికార్డులు వేరుగా ఉన్నాయి. గట్టు తగాదాలో ఈ పటం పట్టుకుని ఎమ్మార్వో ఆఫీసుకు వెళితే పని జరగదు.

ఐదో మెట్టు: ఎత్తుపల్లాలు

గోధుమరంగు గీతలు కాంటూరులు. ఒకే గీత మీది చోట్లన్నీ సముద్రమట్టానికి ఒకే ఎత్తులో ఉంటాయి. గీతలు ఒత్తుగా ఉంటే గుట్ట, దూరంగా ఉంటే చదును. 50 అడుగుల అంతరం ఉన్న షీటులో రెండు గీతల మధ్య పది మిల్లీమీటర్లు ఉంటే, నేల మీద సుమారు 2,080 అడుగులు నడిస్తే 50 అడుగులు దిగుతారు. అంటే నలభై రెండుకు ఒకటి వాలు. వరి మడి కట్టాలంటే గట్లు దగ్గరదగ్గరగా వేసుకోవలసిన నేల అది.

గీత వాగును దాటేచోట ముక్కులా వంగుతుంది. ఆ ముక్కు ఎప్పుడూ ఎగువ వైపే చూస్తుంది. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే బాణం గుర్తు లేకపోయినా నీరు ఎటు పోతుందో చెప్పవచ్చు. చుక్క ఉన్న త్రిభుజం త్రికోణమితి కేంద్రం, అంటే సర్వేయర్లు కొలతలకు ఆధారం చేసుకున్న చోటు. ఎక్కువగా గుట్ట మీద ఉంటుంది, పక్కన అంకె దాని ఎత్తు. ఉత్త చుక్క పక్కన అంకె ఉంటే ఆ చోటి ఎత్తు.

డెల్టా వాసులకు ఈ మెట్టు వేరుగా ఉంటుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో షీటంతా వెతికినా ఒకటి రెండు కాంటూరులే దొరకవచ్చు. అక్కడ చుక్కల అంకెలు, కాలువలు, మురుగు కాలువలు చూసి చదవాలి. సాగునీటి కాలువ మిట్ట మీద పోతుంది, మురుగు కాలువ పల్లాన్ని వెతుక్కుంటుంది. ఈ రెండింటి మధ్య ఎత్తు తేడా కొన్ని అడుగులే అయినా ఊరి బతుకంతా ఆ కొన్ని అడుగుల మీదే నడుస్తుంది. కొల్లేరు వాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. 1999లో అభయారణ్యం హద్దును ప్లస్ ఐదు కాంటూరు దాకా అని ప్రకటించాక, ఐదు అడుగుల గీత ఇటుందా అటుందా అన్నది అక్కడ ఇంటింటి మాట అయింది.

ఆరో మెట్టు: నీళ్లు

ఇక్కడ తొందరపడకండి. ఒక ఆదివారమంతా ఈ మెట్టుకే ఇవ్వండి.

ముందు రంగు. సర్వే ఆఫ్ ఇండియా షీట్లలో నీరు నిలిచేది నీలం, ఎండిపోయేది నలుపు. నల్ల గీతతో చుట్టిన చెరువు కనిపిస్తే అది పాడుబడిందనుకోకండి. వేసవిలో ఎండే చెరువది. వెడల్పాటి వాగులో రెండు నల్ల ఒడ్ల మధ్య సన్నటి నీలి గీత ఉంటే ఇసుక మధ్య పారే పాయ. పసుపు పూత ఉన్నది సాగు భూమి. ఆకుపచ్చ అడవి, తోపులు. ఊళ్లు, రోడ్లు ఎరుపు.

తరువాత కట్ట. చెరువు పటంలో అచ్చు చేటలా ఉంటుంది. ఒక వైపు బిగువైన గీత, అది కట్ట. మిగతా వైపులు కాంటూరును అనుసరించి పిల్లవేళ్లలా వంకర్లు తిరుగుతాయి, అది నీరు ఎక్కే మేర. కట్ట ఎప్పుడూ దిగువనే ఉంటుంది. కట్ట మీద ఒక అంకె, దాని పక్కన ఇంగ్లిషు "ఆర్" అక్షరం ఉంటే అది పక్క నేల నుంచి కట్ట ఎత్తు. మైలుకు అంగుళం షీట్లలో అడుగుల్లో, మెట్రిక్ షీట్లలో మీటర్లలో ఉంటుంది. దీన్ని సముద్రమట్టపు ఎత్తుతో కలపకండి. ఈ చిన్న అంకె చాలా విలువైనది. 12 అడుగులని ఉన్న కట్ట ఇప్పుడు మోకాలెత్తు ఉందంటే మన్ను ఎటు పోయిందని అడగడానికి ఆధారం అదే.

మూడోది అలుగు. తెలంగాణలో మత్తడి, రాయలసీమలో మరవ, నెల్లూరు వైపు కలుజు అంటారు. చెరువు నిండాక నీరు పొర్లే చోటు. చిన్న స్కేలులో దాని గుర్తు కనిపించకపోవచ్చు, కానీ కట్ట చివర్లలో ఒకదాని దగ్గర నుంచి సన్నటి గీత బయలుదేరి, కింది పొలాన్ని చుట్టుకుని మళ్లీ పాత వాగులో కలుస్తుంది. ఆ గీత మొదలే అలుగు. ఈ సన్నటి గీత మీద పెన్సిలు పెట్టి కిందికి నడవండి. అది ఇంకొక చెరువులోకి పోతుంది. దాని అలుగు నుంచి మరొక దానిలోకి. ఇదే గొలుసుకట్టు. కాకతీయుల కాలం నుంచి మన మెట్ట ప్రాంతాలను బతికించింది ఈ అల్లికే.

గొలుసులో ప్రతి చెరువుకూ పైనుంచి ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయండి. ఒక్కొక్కదాని పేరు, గ్రాఫు గళ్లతో వచ్చిన ఎకరాలు, కట్ట ఎత్తు, దగ్గరలోని కాంటూరు అంకె పట్టికలో రాసుకోండి. స్కేలును బట్టి గడి విలువ మారుతుంది. మైలుకు అంగుళం షీటులో చదరపు మిల్లీమీటరు ఒక ఎకరం. 1:50,000 షీటులో అది పావు హెక్టారు, అంటే సుమారు 25 గుంటలు. అమెరికా షీటులో పదిహేను ఎకరాలు దాటుతుంది. అందుకే దాని మీద ఈ లెక్క కట్టవద్దన్నాను. చెరువు అంచున సగానికి పైగా నిండిన గడిని ఒకటిగా లెక్కపెట్టండి, సగం కంటే తక్కువైతే వదిలేయండి. రెండుసార్లు లెక్కపెట్టి సగటు తీసుకోండి.

మా గొలుసులో అయిదు చెరువులు వచ్చాయి. రెండోది ఒక కుంట, తొమ్మిది గళ్లు. ఊళ్లో ఎవరినడిగినా నాలుగు చెరువుల పేర్లే చెప్పారు.

చివరగా కట్ట కింది పసుపు. కట్టకు ఆనుకుని దిగువన పరచుకున్న సాగు భూమి ఆయకట్టు. అందులో బావి గుర్తులు చూడండి. కట్ట కిందే బావులు గుంపుగా ఉంటాయి, ఎందుకంటే చెరువు ఊట అక్కడే ఊరుతుంది. చెరువు పూడిన ఊళ్లలో ఆ బావులు ఎందుకు ఎండాయో పటం మీద వేలు పెట్టి చూపించవచ్చు.

ఏడో మెట్టు: దారులు, పాటిదిబ్బలు

దీన్ని వేగంగా ముగించవచ్చు. జంట ఎర్ర గీతలు పక్కా రోడ్లు, తెగిన గీతలు బండి దారులు, చుక్కలు కాలిబాటలు. కృష్ణా, గుంటూరు వైపు డొంకలు, గోదావరి వైపు పుంతలు అనే దారులు ఈ తెగిన గీతలే. ఊరి పక్క పేరున్నా ఇళ్ల గుర్తు లేకుండా "విడిచిన ఊరు" అని ఉంటే అక్కడ పాటిదిబ్బ ఉంటుంది. వానలు వెలిశాక అక్కడ పెంకులు తేలతాయి. వాటిని ఏరి ఇంటికి తెచ్చుకోకండి. పోస్టాఫీసు, పోలీసు స్టేషను, బంగళాలకు ఇంగ్లిషు పొడి అక్షరాలుంటాయి, పట్టికలో చూసుకోండి.

ఎనిమిదో మెట్టు: నేటి నేల మీద పరచడం

స్కానును నేటి ఉపగ్రహ చిత్రం మీద కూర్చోబెట్టాలి. దీనికి క్యూజీఐఎస్ అనే ఉచిత ప్రోగ్రాము చాలు. అందులో జియోరిఫరెన్సర్ తెరిచి, పటం నాలుగు మూలల్లో, లోపలి అడ్డు నిలువు గీతలు కలిసే చోట్ల బిందువులు పెట్టి, అంచులో రాసిన అక్షాంశ రేఖాంశాలు ఇవ్వండి. నాలుగు చాలవు, తొమ్మిదైనా పెట్టండి; పాత కాగితం అన్ని వైపులా ఒకేలా సాగదు.

పరిచాక అంతా కాస్త పక్కకు జరిగినట్టు ఉంటుంది. తప్పు మీది కాదు. పాత పటాలు ఎవరెస్ట్ గోళాభం (భూమి ఆకారానికి ఒక లెక్కల నమూనా) ఆధారంగా, మధ్యప్రదేశ్‌లోని కల్యాణ్‌పూర్ మూలబిందువుగా లెక్కించినవి. మన ఫోన్లు వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే నమూనా. మన ప్రాంతంలో ఈ రెండింటి మధ్య తేడా ఒకటి రెండు వందల మీటర్లు ఉంటుంది. అమెరికా షీటు మీద అది మిల్లీమీటరు కూడా కాదు. మైలుకు అంగుళం షీటు మీద మాత్రం చెరువు కట్ట వెళ్లి ఊరి మధ్యలో కూర్చుంటుంది. క్యూజీఐఎస్‌లో కల్యాణ్‌పూర్ పేరుతో ఉన్న నిర్దేశాంక వ్యవస్థ ఎంచుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. మిగిలిన కొద్ది తేడాకు కదలని వాటిని పట్టుకోండి: గుట్ట శిఖరం, పాత గుడి, రైలు వంతెన. రోడ్ల మలుపులను నమ్మకండి, అవి మారతాయి. చెరువు అంచులను అసలే నమ్మకండి, మనం కొలవబోయేది వాటినే.

ఇప్పుడు పాత పటాన్ని సగం పారదర్శకంగా చేసి అయిదు చెరువులనూ ఒక్కొక్కటిగా చూడండి. మా రెండో కుంట మీద పత్తి చేను ఉంది. ఆ చేను పై అంచు మాత్రం గళ్లుగా కాకుండా వంకర్లు తిరిగి ఉంది, అచ్చు పాత నీటి అంచులాగే.

జలాశయాల్లో మునిగిన ఊళ్ల వాళ్లకు ఈ మెట్టు వేరే రకంగా పనికొస్తుంది. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, శ్రీశైలానిది 885 అడుగులు. డ్యాము కట్టకముందు సర్వే చేసిన షీటులో 600 అడుగుల కాంటూరును నీలి పెన్సిలుతో గీయండి. దానికి కాస్త లోపలే సాగర్ నీటి అంచు. గీత లోపల పడిన ఊళ్లు, డొంకలు, నాగార్జునకొండ లోయ అన్నీ పేర్లతో సహా కనిపిస్తాయి. శ్రీశైలం షీట్లలో 850, 900 గీతల మధ్య అదే పని చేయండి. సంగమేశ్వరం గుడి నీళ్లు తగ్గినప్పుడే బయటపడుతుంది. పటంలో అది ఎప్పుడూ ఒడ్డునే ఉంటుంది. విదేశాల్లో ఉంటున్న మనవలు ఇంట్లో పెద్దలను పక్కన కూర్చోబెట్టుకుని ఈ ఒక్క గీత గీస్తే, వాళ్లు తమ వీధి పేర్లు చెప్పడం మొదలుపెడతారు. ఆ మాటలు రికార్డు చేసుకోండి.

తొమ్మిదో మెట్టు: ఊరికి వెళ్లండి

పటం ముద్రిత ప్రతి, పట్టిక తీసుకుని గొలుసు పై చివరి నుంచి కిందికి నడవండి. ఎండాకాలం మంచిది, కట్టలు, తూములు బయటపడి ఉంటాయి. రైతు అనుమతి లేకుండా చేలోకి దిగకండి. "సర్వే చేస్తున్నాం" అన్న మాట వాడకండి. ఊళ్లో ఆ మాటకు భయం ఉంది. "మా అమ్మమ్మ ఊరు, పాత చెరువులు చూద్దామని వచ్చాను" అంటే అందరూ వెంట నడుస్తారు.

ప్రతి చోటా నాలుగు చూడండి: కట్ట మిగిలిందా, తూము ఉందా, అలుగు ఎక్కడ, అలుగు నుంచి కిందికి దారి ఉందా. చివరిదే అన్నింటికంటే ముఖ్యం. చెరువు పూడిక తీసినా అలుగు వాగు మూసుకుపోతే కింది చెరువు నిండదు.

మా రెండో కుంట దగ్గర పత్తి చేలో రెండు నిలువు రాళ్లు, వాటి మీద అడ్డంగా ఒక రాయి, దాని మధ్యలో గుండ్రటి రంధ్రం ఉన్నాయి. తూము. పత్తి మొక్కలు దాన్ని చుట్టుకుని మొలిచాయి. కూడా వచ్చిన పెద్దాయన చాలాసేపు దానిమీద చేయి వేసి నిలబడ్డారు. "దీని పేరు తెలుసా తాతా?" అన్నాను.

"ఊటకుంట. మా నాయన ఇక్కడే ఎద్దులను కడిగేవాడు" అన్నారు. పటంలో ఆ కుంటకు పేరు లేదు.

ముద్రిత ప్రతి మీద కుంట పక్కన ఆ పేరు రాసి, చెప్పినవారి వయసు, ఆ రోజు తేదీ కింద రాశాను. మీరూ ఇలాగే తెలుగులో, పెన్సిలుతో కాక పెన్నుతో రాయండి. ఒక నకలు గ్రామ పంచాయతీకి, ఒక నకలు బడికి ఇవ్వండి. పూడికతీత పనులకు ప్రతిపాదన పెట్టేటప్పుడు ఒక్క చెరువు పేరే రాయకుండా, గొలుసు మొత్తాన్ని ఎకరాలతో, కట్ట ఎత్తులతో, షీటు సంఖ్యతో, సర్వే చేసిన సంవత్సరంతో జతచేయండి.